దశ తిప్పే డబ్బా

మా బావ తన జన్మలో ఏ పనినీ "అయిపోయింది" అనలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక కూడా "ప్రస్తుతానికి చాలు" అంటాడు తప్ప భోజనం అయిపోయిందని ఒప్పుకోడు. రేడియోలు, ఆంప్లిఫయర్లు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఆయనది. అలాంటి కొట్టు నడిపే మనిషికి ఉండకూడని గుణం ఏదైనా ఉందంటే ఇదొక్కటే. వస్తువు ఇచ్చినవాడు వచ్చి "అయిందా అండీ?" అని అడిగితే, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఆ వస్తువు వంక కన్నబిడ్డను చూసినట్టు చూసి, "అయినట్టే, ఇంకొక్కటి మిగిలింది" అంటాడు. ఆ ఇంకొక్కటి ఏమిటో అప్పటికి ఆయనకీ తెలియదు.

నేను ఆయన బావమరిదిని. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై రెండేళ్లు పనిచేసి, వైర్లన్నీ పోయి గాల్లోంచే మాటలు రావడం మొదలయ్యాక ముందుగానే రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకి అడ్డం. అందుకని బావ కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. సోల్డరింగు సగం, వచ్చినవాళ్లకి సర్దిచెప్పడం సగం నా పని అనుకున్నాను. నెల తిరిగేసరికి సర్దిచెప్పడమే ముప్పాతిక అని తేలింది.

పక్క సందులో పళ్ల డాక్టరు ఉండేవాడు. కాలింగ్ బెల్ మోగడం లేదని తెచ్చి ఇచ్చాడు. లోపల తీగ ఊడింది, అంతే. బావ ఐదు నిమిషాల్లో అతికించాడు. నేను కాగితం చుట్టబోయాను.

"ఆగు. పన్ను నొప్పితో వచ్చినవాడికి ఈ మోత వింటే నొప్పి రెట్టింపవుతుంది" అని, మోత మెత్తగా చేశాడు. మెత్తగా అయితే డాక్టరుకి వినబడదని, రెండోసారి నొక్కితే గట్టిగా మోగేటట్టు చేశాడు. మూడోసారి నొక్కితే ఏమవ్వాలా అని ఆలోచిస్తూ ఉండగా నాలుగు నెలలు గడిచాయి. ఈలోగా డాక్టరు తలుపు బార్లా తీసిపెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. దాంతో జనం పెరిగారట. బెల్లు మీ దగ్గరే ఉంచండి, చచ్చినా పంపకండి అని కబురు చేశాడు.

ఇంట్లో మా అక్క సంగతి ఇక చెప్పక్కర్లేదు. మిక్సీ ఇస్తే తొమ్మిది నెలలకి తిరిగొచ్చింది. తిరిగొచ్చాక దానికి మర్యాద ఎక్కువైంది. మీట నొక్కగానే తిరగదు, ముందు కాసేపు గొంతు సవరించుకుంటుంది.

"ముప్ఫై ఏళ్లయిందిరా పెళ్లయి. మీ బావ నన్ను కూడా ఇంకా టెస్టింగులోనే ఉంచారు" అంది అక్క ఒకసారి నాతో.

"ఇప్పటిదాకా రీడింగులు బాగానే ఉన్నాయి" అన్నాడు బావ లోపల్నుంచి.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక ఉదయం కొట్టు ముందు ఆటో ఆగింది. యాభై ఏళ్ల మనిషి దిగాడు. చొక్కా ఇస్త్రీ, జుట్టు నూనె, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ముఖం మాత్రం ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది. ఎడమచెయ్యి జేబులో ఉంచుకుని, కుడిచేత్తో పాత గిటారు ఆంప్లిఫయర్‌ని ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమైందండీ దీనికి?" అన్నాను.

"ఏం కాలేదు. బానే ఉంది."

"మరి?"

"ఉంచుకోండి. విప్పుకుని సామాను వాడుకోండి."

బాగుచేయమని తెచ్చిన వస్తువుని బావ విప్పడం చూశాను గానీ, బాగున్న వస్తువుని విప్పమని తెచ్చినవాణ్ణి చూడటం అదే మొదటిసారి. కుర్చీ వేశాం. మెల్లగా సంగతి బయటికొచ్చింది. పెద్ద బజారు హోటల్లో పద్దెనిమిదేళ్లుగా గిటారు వాయించే మాస్టారు ఆయన. స్పీకరు కట్టబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పి రెండు నెలలైంది. ఉంగరం వేలు, చిటికెన వేలు వంగమంటే వంగవు. బ్యాండువాళ్లు ఇంకో మనిషిని పెట్టుకున్నారు. గిటారు బీరువా మీదకి ఎక్కింది.

"డాక్టరు ఏదో చేయమనే ఉంటాడే?" అన్నాను.

"బంతి పిసకమన్నాడు. పద్దెనిమిదేళ్లు గిటారు వాయించిన చేత్తో రబ్బరు బంతి పిసుకుతూ కూర్చోవాలా?"

ఇలాంటి చోట ఎవరైనా అయ్యో అంటారు. బావ అనలేదు. ఆంప్లిఫయర్ ప్లగ్గు పెట్టి, చెవి ఆనించి విని, "మంచి సరుకు. గిటారు తీసుకురండి" అన్నాడు.

"చెయ్యి పనిచేయదని చెబుతున్నాను కదండీ!"

"మీ చెయ్యితో నాకు పనిలేదు. నేనొక ఫేజ్ షిఫ్టర్ కడుతున్నాను. గిటారు శబ్దాన్ని సుడి తిప్పే డబ్బా. దాన్ని పరీక్ష చెయ్యడానికి ఒక్క తీగ మీటే మనిషి కావాలి. మీటడానికి కుడిచెయ్యి ఉందిగా?"

నేను ఎనిమిది నెలలుగా ఆయన పక్కనే కూర్చుంటున్నాను. ఫేజ్ షిఫ్టర్ అనే మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"ఎన్నాళ్ల పని?" అన్నాడు మాస్టారు.

"రెండు రోజులు."

నాకు పొలమారింది. మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను.

ఆయన వెళ్లాక అన్నాను. "బావా, ఆ డబ్బా ఒక్క చిప్పుతో పూటలో అయిపోతుంది. శబ్దం దాటాల్సిన నాలుగు స్టేజీలూ అందులోనే వస్తాయి."

"అదే దాంతో వచ్చిన చిక్కు. ట్రాన్సిస్టర్లతో కడదాం. విడివిడిగా. స్టేజీకి ఒకటి."

మర్నాటి నుంచి పని మొదలైంది. ఒక్కో స్టేజీ చూడటానికి చాలా సాదా. మూడు కాళ్ల ట్రాన్సిస్టర్. పై కాలికి ఒక రెసిస్టర్, కింది కాలికి అచ్చం అంతే ఇంకొకటి. మధ్య కాల్లోకి శబ్దం పంపితే కింది నుంచి ఉన్నదున్నట్టు వస్తుంది, పై నుంచి తలకిందులుగా వస్తుంది. ఒకదాన్ని కెపాసిటర్ గుండా, ఇంకోదాన్ని రెసిస్టర్ గుండా నడిపించి మళ్లీ కలపాలి. అప్పుడు శబ్దం పెరగదు, తగ్గదు, కాస్త మెలి తిరిగి వస్తుంది. ఆ మెలికే ఫేజ్. పాఠ్యపుస్తకాల తెలుగులో దశ.

"మెలి తిరిగితే ఏమొస్తుందండీ?" అన్నాడు మాస్టారు గిటారు ఒళ్లో పెట్టుకుని.

"ఒక మాట మా ఆవిడ చెవిన పడిందనుకోండి" అన్నాడు బావ. "నేరుగా నేను చెప్పింది ఒకటి. అదే మాట పక్కింటావిడ నోట్లోంచి తిరిగొచ్చింది ఇంకొకటి. మాట అదే, మెలిక వేరు. రెండూ మా ఆవిడ చెవిలో కలిసినప్పుడు కొన్ని ముక్కలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతాయి, కొన్ని రెట్టింపవుతాయి. ఆ గోలే మనకి కావలసిన సంగీతం."

"గోల ఒకచోట నిలబడదు కదా, తిరుగుతూ ఉండాలి కదా?"

"అందుకు ఇది ఉంది." బావ బూటు పాలిష్ డబ్బా ఒకటి చూపించాడు. దాని మధ్యలో చిన్న బల్బు, చుట్టూ వెలుగు పడితే శబ్దానికి ఎక్కువ దారి ఇచ్చే రెసిస్టర్లు. బల్బు మెల్లగా వెలిగి మెల్లగా ఆరుతుంటే శబ్దం సుడి తిరుగుతుంది. వెలుతురు దూరకూడదని ఆ చిన్న డబ్బా మూత నల్ల టేపుతో అతికించేశాడు. ఇవన్నీ అతికించిన బోర్డు కింది వైపు కూడా నన్ను చూడనివ్వలేదు. "కంగాళీగా ఉంటుందిలే, నీకు కళ్లు తిరుగుతాయి" అన్నాడు.

జనం మధ్యలో వచ్చి మాట్లాడిస్తున్నారని కొట్టు ముందు అట్ట కట్టాడు: "దశ తిప్పే యంత్రం తయారవుతోంది. దయచేసి చప్పుడు చేయకండి." దాంతో చప్పుడు నాలుగింతలైంది. ముందుగా ఎదురింటి టైలరు వచ్చాడు.

"నాదీ కాస్త తిప్పండి సార్. ఐదేళ్లుగా ఇలాగే ఉంది."

"మీది ఎంత ఫ్రీక్వెన్సీ?" అన్నాడు బావ తల ఎత్తకుండా.

"రోజూ ఐదింటికే లేస్తానండి."

"అయితే మీకు అక్కర్లేదు, వెళ్లి కుట్టుకోండి."

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. ఆ తరవాత వారం రోజులు పదిమంది దాకా వచ్చారు. అందరినీ ఫ్రీక్వెన్సీ అడిగి పంపించాడు.

మొదటి పరీక్ష రోజున మాస్టారు ఎడమచెయ్యి ఊరికే గిటారు మెడ మీద ఆనించి, కుడిచేత్తో తీగ మీటాడు. ఆంప్లిఫయర్‌లోంచి "నాలుగో నంబరు బండి ఎక్కడుంది?" అని వినబడింది. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. వీధి చివర టాక్సీ ఆఫీసు వైర్‌లెస్‌ని మొదటి ట్రాన్సిస్టర్ పట్టేసుకుంది.

"ఇక్కడే ఉంది, చెయ్యి విరిగింది, రాదు!" అన్నాడు మాస్టారు గిటారులోకి వంగి.

ఆయన మా కొట్లో హాస్యమాడటం అదే మొదలు. బావ చిన్న కెపాసిటర్ ఒకటి అడ్డంపెట్టి టాక్సీలని బయటికి పంపేశాడు.

మూడో వారానికి నాలుగు స్టేజీలూ నిలబడ్డాయి. మాస్టారు తీగ మీటాడు. ఆ శబ్దం గదిలో ఒక్కో మూలకీ వెళ్లి తడిమి, పైకప్పు కింద నెమ్మదిగా ఒక చుట్టు చుట్టి దిగొచ్చినట్టుంది. పక్క కొట్టు మంగలి కత్తి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెనకే సగం గడ్డం నురగతో ఆయన బేరం కూడా వచ్చి నిలబడ్డాడు.

"బావా, అయిపోయింది! ఇంతకన్నా బాగా రాదు" అన్నాను.

బావ కళ్లజోడు నుదుటి మీదకి తోశాడు. "అయినట్టే. ఇంకొక్క స్టేజీ పడాలి."

ఐదో స్టేజీ పెట్టాడు. "దీన్ని ఉత్త తీగతో పరీక్ష చేస్తే కుదరదండీ. గిటారు మెడ మీది మూడో మెట్టు దగ్గర చూపుడు వేలు నొక్కి మీటాలి." ఆరోదానికి రెండు వేళ్లు కావాలన్నాడు. ఏడోదానికి ఐదో మెట్టు మీద ఉంగరం వేలితోనే నొక్కాలన్నాడు.

"మధ్యవేలితో నొక్కితే?" అన్నాడు మాస్టారు.

"ఫేజ్ తేడా వచ్చేస్తుంది."

ఇరవై రెండేళ్లు నేను సర్క్యూట్లతోనే బతికాను. మాస్టారు టీకి వెళ్లగానే అడిగేశాను. "ఏ వేలితో నొక్కారో ట్రాన్సిస్టర్‌కి ఎలా తెలుస్తుంది బావా?"

"నీ టెలిఫోన్లు నువ్వు చూసుకో."

బావకి వయసు మీద పడిందనుకున్నాను. అక్కకి చెప్పాను కూడా. అక్క కంగారుపడలేదు. "పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే మాట్లాడారురా" అంది.

ఎనిమిదో స్టేజీ దగ్గర గొడవ వచ్చింది. దానికి చిటికెన వేలు కావాలన్నాడు బావ. మాస్టారు గంటసేపు ప్రయత్నించాడు. వేలు వంగినట్టే వంగి తీగ మీంచి జారిపోతోంది. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి గిటారు బల్ల మీద పెట్టేశాడు.

"మీ డబ్బాకి నా చిటికెన వేలితో ఏం పనండీ? ఎవణ్ణయినా కుర్రాణ్ణి పెట్టుకోండి. నా వల్ల కాదు" అని లేచి, గిటారు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ బావ సోల్డరింగ్ ఐరన్ వేడి చేయలేదు. ఎవరో ఫ్యాను తెస్తే విప్పి, బాగుచేసి, అరగంటలో తిరిగి ఇచ్చేశాడు. అంత త్వరగా పని చేశాడంటే ఒంట్లో బాగోలేదేమో అనుకుని అక్కకి ఫోన్ చేశాను.

ఐదో రోజు పొద్దున్నే డబ్బా, గిటారు ఆటోలో పెట్టించి, నన్నూ ఎక్కమన్నాడు. మాస్టారి ఇంటికి వెళ్లాం. కూతురు తలుపు తీసింది. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, పేపరు ముందు పెట్టుకుని గోడ చదువుతున్నాడు.

"ఎందుకొచ్చారు?" అన్నాడు.

"మా కొట్లో కరెంటు సరిగా ఉండటం లేదండీ. ఎనిమిదో స్టేజీ మీ ఇంటి కరెంటు మీద ఎలా ఉంటుందో చూద్దామని" అన్నాడు బావ.

మాస్టారు డబ్బా వంక చూశాడు. బావ వంక చూశాడు. "బ్యాటరీతో నడిచే డబ్బాకి మా ఇంటి కరెంటుతో ఏం పనండీ?"

బావ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అంత పెద్ద అబద్ధాల మధ్య ఇంత చిన్న సంగతి దగ్గర దొరికిపోతానని ఆయన అనుకోలేదు. నేను గోడకి తగిలించిన కేలెండరు చూస్తూ నిలబడ్డాను. మాస్టారు ముందు చిన్నగా, తరవాత కుర్చీ కిర్రుమనేంత గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇలా ఇవ్వండి" అని గిటారు అందుకున్నాడు. ఆ రోజు కూడా చిటికెన వేలు జారింది. మర్నాడు కొట్టుకి వచ్చాడు. ఇంకో తొమ్మిది రోజులకి తీగ పలికింది. ముక్కుతూ పలికింది, కానీ పలికింది.

అప్పటి నుంచి తొమ్మిదోది, పదోది, పదకొండోది, పన్నెండోది వరసగా పడ్డాయి. పన్నెండో స్టేజీ పరీక్ష అంటే నాలుగు వేళ్లూ ఒకదాని వెనకొకటి తీగ మీద నడవాలి, మళ్లీ వెనక్కి నడవాలి. రోజూ గంటన్నర. ఎదురింటి టైలరు ఆ తాళానికే మిషను తొక్కడం మొదలుపెట్టాడు. చొక్కా చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి వస్తున్నాయని ఆయన బేరాలు గోల పెట్టారు.

ఆరు నెలలు నిండేసరికి హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త గిటారు మనిషి వేరే ఊరు వెళ్లిపోయాడు, ఆదివారం మధ్యాహ్నం వాయించగలరా అని. మాస్టారు ఫోన్ పెట్టేసి బావ వైపు తిరిగాడు.

"నాకు ఆ డబ్బా కావాలి."

"ఇంకొక్కటి..." అన్నాడు బావ.

"ఆదివారం పన్నెండున్నరకి."

బావ పాత తువ్వాలు తెచ్చి డబ్బాకి చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. "ప్రస్తుతానికి తీసుకెళ్లండి" అన్నాడు.

ఆదివారం మేం ముగ్గురం, అక్కతో సహా, హోటల్‌కి వెళ్లాం. మొదలవ్వడానికి ఇరవై నిమిషాలున్నాయనగా మాస్టారు తెర పక్క నుంచి నాకు సైగ చేశాడు. వెళ్లాను. డబ్బా పలకడం లేదు. స్క్రూలు విప్పితే బ్యాటరీ తీగ ఊడి ఉంది. జేబులో చిన్న సోల్డరింగ్ ఐరన్ లేకుండా నేను బయటికి వెళ్లను, అతికించేశాను. మూత పెట్టబోతూ, అలవాటు కొద్దీ బోర్డు తిరగేసి చూశాను.

కంగాళీగా ఏమీ లేదు. ముత్యాల్లాంటి సోల్డరు టాంకాలు. నాలుగో స్టేజీ నుంచి ఎర్ర తీగ ఒకటి తిన్నగా బయటికి వెళ్లే సాకెట్టుకి పోయింది. ఐదు నుంచి పన్నెండు దాకా ఎనిమిది ట్రాన్సిస్టర్లకీ బ్యాటరీ అందుతోంది, రెసిస్టర్లూ కెపాసిటర్లూ అన్నీ ఉన్నాయి. శబ్దం మాత్రం వాటి గడప తొక్కడం లేదు. మూడో వారానికే డబ్బా అయిపోయింది. మిగతా అయిదు నెలలూ ఆ ఎనిమిదీ ఉత్తినే కూర్చున్నాయి.

తల ఎత్తితే మాస్టారు నన్నే చూస్తున్నాడు.

"ఆ ఎనిమిదీ కలపలేదు కదూ?" అన్నాడు.

"మీకు... తెలుసా?"

"చెవులున్నాయండీ నాకు. నాలుగు దాటాక శబ్దం వెంట్రుకవాసి మారలేదు."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అంటే అయిపోయిందని ఒప్పుకోవాల్సొచ్చేది కదా ఆయన. అయిపోతే నేను ఇంటికెళ్లి గోడకేసి చూస్తూ కూర్చోవాలి." ఎడమచెయ్యి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు. "మీ బావతో అనకండి. అంత శ్రమపడి దాచాడు."

మూత బిగించి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం మాస్టారు గొప్పగా వాయించాడని అబద్ధం చెప్పను. రెండు చోట్ల చిటికెన వేలు జారింది. ఒకచోట పాటే ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ అందుకుంది. కానీ ఆ సుడి శబ్దం బల్లల మధ్య నుంచి వెళ్లి, గాజు కిటికీలు తాకి తిరిగొచ్చినప్పుడు, నాలుగు ప్లేట్లు మోస్తున్న వడ్డించే మనిషి ఎవరి బల్లకి వెళ్లాలో మరిచిపోయి నిలబడిపోయాడు. మాస్టారి కూతురు మొదటి వరసలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పట్టుకుని కదలకుండా చూసింది. అక్క చప్పట్లు కొట్టింది. బావ కొట్టలేదు. కళ్లు మూసుకుని, ఒక చెవి మాత్రం వేదిక వైపు పెట్టి కూర్చున్నాడు.

మూడింటికి బస్టాపులో నిలబడ్డాం. అక్క నీడలో బెంచీ మీద కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను.

"బోర్డు చూశాను బావా. ఆ ఎనిమిది ఎందుకు పెట్టావు?"

బావ అటూ ఇటూ చూశాడు. "ఏ పనీ చెయ్యకుండా కరెంటు తాగుతూ వరసలో కూర్చునేవాళ్లు మీ ఎక్స్చేంజిలో మాత్రం లేరా?"

"పన్నెండే ఎందుకు?"

చొక్కా జేబులోంచి మడతలు పడి చిరుగులు పట్టిన కాగితం తీశాడు. ఆసుపత్రి వాళ్ల కాగితం. దాని మీద చేతి వేళ్ల బొమ్మలు, కింద అంకెలు. ఒకటి నుంచి పన్నెండు. ఊరికే చెయ్యి ఆనించి ఉంచడం దగ్గర మొదలై, వేళ్లు ఒకదాని వెనకొకటి నడిపించడం దగ్గర ఆగింది.

"ఆయన ఆంప్లిఫయర్ తెచ్చిన రోజునే దొరికింది. వెనక, వైరు చుట్టి పెట్టే గూట్లో ఉండచుట్టి కుక్కాడు. బంతి పిసకమంటే ఆయన పిసకడు. అందుకని ఒక్కో బొమ్మనీ గిటారు మీదకి మార్చాను." కాగితం జాగ్రత్తగా మడిచాడు. "పదిహేను బొమ్మలుండి ఉంటే పెద్ద డబ్బా కొనాల్సొచ్చేది."

బస్సు దూరంగా మలుపు తిరిగింది. బావ నా భుజం దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"ఆయనకి తెలియదుగా?"

"తెలియదు" అన్నాను.

బావ ఊపిరి పీల్చుకున్నాడు. "మనిషి బంగారం. చెయ్యీ మంచిదే. చెవి మాత్రం కాస్త మందం. ఎనిమిది స్టేజీలు ఉత్తవని ఆరు నెలల్లో ఒక్కసారి కూడా పసిగట్టలేకపోయాడు. బయట ఎవరితోనూ అనకు, పాపం, చిన్నబుచ్చుకుంటాడు."

అననని మాటిచ్చి, అక్కని లేపి బస్సెక్కించాను.